ఒక పాటంత ఎండ

సోమవారం పొద్దున పీహెచ్‌డీ కమిటీ ముందు మెర్లిన్ బిస్కెట్ల డబ్బా మూత తీసింది. భయపడాల్సిన పనేమీ లేదని ఆమె ధీమా. డబ్బాలో నల్లగుడ్డ సంచి, సంచిలో ప్లాస్టిక్ పెట్టె, పెట్టెలో వేలిగోరంత చిప్పు. పోయిన వారం దాని మీద ఊదారంగు వెలుతురు వేసి, రాయాల్సింది రాసి, చీకట్లో పెట్టేసింది. ఇప్పుడు తీసి చూపించడమే మిగిలింది.

ఇక్కడ రాయడమంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఆ పిల్ల పడ్డ యాతన అర్థం కాదు. పెన్సిలు ములుకులో ఉండే గ్రాఫైటును టేపుకు అంటించి, ఒలిచి ఒలిచి, ఇక ఒలవడానికి పొర మిగలనంత పలచన చేస్తే దొరికేది గ్రాఫీన్. దాన్ని ఇంకో పలచటి పలక మీద పరిచి, కొసలకు తీగలు కలిపి, అడుగు నుంచి వోల్టేజీ ఇస్తూ పైన ఊదారంగు వెలుతురు వేస్తే, కింది పలకలో కొంత విద్యుదావేశం చిక్కుకుపోతుంది. దీపం ఆర్పేసినా, వోల్టేజీ తీసేసినా అది అక్కడే కూర్చుంటుంది. దాంతో పైనున్న గ్రాఫీన్ నడవడికే మారిపోతుంది. కరెంటు ఎట్లా పారుతోందో కంప్యూటర్లో గీత గీయించి చూస్తే, నడిమధ్యన ఉండాల్సిన గుంట ఎడమవైపుకు జరిగి కనిపిస్తుంది. చీకట్లో ఉంచినన్నాళ్లూ ఆ గుంట కదలదు. వోల్టేజీ లేకుండా ఉత్త వెలుతురు తగిలితే మాత్రం చిక్కుకున్నదంతా విడిపోయి గుంట మళ్లీ నడుమకు వచ్చేస్తుంది. రాసేదీ వెలుతురే, చెరిపేదీ వెలుతురే. మెర్లిన్ థీసిస్ మొత్తం ఇంతే.

గది దీపాలు ఆర్పించి, రాతను చెరపలేని చిన్న ఎర్ర బల్బు వెలుతురులో చిప్పును పట్టకారుతో తీసి, దాని కాళ్లను సాకెట్టులో కూర్చోబెట్టింది. కంప్యూటరు తెర మీద గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా గీసుకుంటూ పోయింది. ఎడమవైపు గుంట రావాల్సిన చోట రాలేదు. గీత చదునుగా పోయి, సరిగ్గా నడిమధ్యన దిగి, లేచింది.

ఆ చిప్పు మీద ఎవరూ ఎప్పుడూ ఏమీ రాయనట్టే ఉంది.

మెర్లిన్ తీగలు సరిచేసి మళ్లీ గీయించింది. అదే గీత. మళ్లీ అదే. పరీక్షించడానికి మద్రాసు నుంచి వచ్చిన సుశీల్ కుమార్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కఠినుడేమీ కాదు, గొంతు కూడా పెంచలేదు. అదే ఎక్కువ తగిలింది.

"రిపోర్టులో మీరు పెట్టిన గీతలు చాలా అందంగా ఉన్నాయమ్మా," అన్నారు. "నిజంగా కొలిస్తే వచ్చే గీతలు అంత అందంగా ఉండవు."

మెర్లిన్ తన గైడు వైపు చూసింది. విజయభాస్కర్ గారు ఆమెకు ఎంతో కొంత అండ, ఆ గీతలు కొలిచిన రోజుల్లో సగం రోజులు ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. ఒక్క మాట చాలు. 'నేను చూశాను' అంటే చాలు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. కాలేజీ వెనక కోవూరు మాగాణుల్లో కోత మిషను తిరుగుతోంది. అది గట్టు దాకా పోయి, తిరిగి, మళ్లీ గట్టు దాకా పోయేంత సేపూ ఆయన నోరు తెరవలేదు.

వచ్చే సోమవారం దాకా గడువు ఇచ్చారు. ఆలోగా చూపించలేకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేస్తామన్నారు. రద్దు కావడం ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకోవచ్చు. కాగితం మీద రాసేది 'కొలతలు నమ్మదగినవి కావు' అని. ఆ మాట పడ్డ మనిషిని ఇంకో ప్రయోగశాల గుమ్మం తొక్కనివ్వరు.

మరునాడు విజయభాస్కర్ గారు ఆమెను తన గదికి పిలిచారు. కూర్చోమన్నారు. టీ తెప్పించారు. కోవూరు దగ్గరి రైతు కుటుంబంలో పుట్టిన మనిషి, మొహమాటస్తుడు. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పేపరువెయిటు తిప్పుతూ కూర్చున్నారు. చివరికి, పాత గీతలన్నీ కొలిచినవే కదా, ఎక్కడా చెయ్యి పెట్టలేదు కదా, అని అడిగారు. అడిగేసి, అడిగినందుకు తానే ఇబ్బంది పడ్డారు.

"మీరే చూసినారు గదా సార్," అంది మెర్లిన్.

"చూశానమ్మా. అన్నిసార్లూ లేనుగా."

ఆ టీ ఆమె తాగలేదు. ప్రయోగశాలకు పోయి నల్లతెర వెనక కూర్చుని చిప్పును మొదటి నుంచి పరీక్షించింది. లెన్సు కింద పెట్టి తీగలు అతికించిన వెండి జిగురు ఎక్కడైనా ఊడిందేమో చూసింది, ఊడలేదు. సముద్రపు చెమ్మ పట్టిందేమో చూసింది, పట్టలేదు. దీపం వేసి మళ్లీ రాస్తే చక్కగా రాసుకుంది. గుంట బుద్ధిగా ఎడమకు జరిగి కూర్చుంది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూసినా అక్కడే ఉంది. చిప్పులో లోపం లేదు. మరి ఆదివారం నాడు దానికేమైంది?

ఆదివారమని ఆమెకు ప్రత్యేకంగా గుర్తుకు రావడానికి కారణం ఉంది. శనివారం సాయంత్రమైతే కాలేజీలో ఏసీలు ఆపేస్తారు. సోమవారం వచ్చేసరికి కిటికీ అద్దాలకు నీళ్లు పట్టి ఉంటాయి. ఆ చెమ్మకు భయపడి ఆమె చిప్పును విడవలూరుకు, ఇంటికి పట్టుకుపోయేది. బిస్కెట్ల డబ్బాలో చెప్పుల అట్టపెట్టెల నుంచి ఏరిన చెమ్మ పీల్చే పొట్లాలు వేసి, ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచేది. అనుమతి లేకుండా ఇక్కడి వస్తువు బయటికి తీసుకుపోరాదని ప్రయోగశాల తలుపు మీదే రాసి ఉంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే, దొంగతనానికి అబద్ధం తోడైనట్టు ఉంటుంది.

బుధవారం ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. తల్లి అబిగయీలు వసారాలో కుట్టుమిషను ముందు కూర్చుని రవికకు చేతులు అతుకుతోంది. ఊళ్లో సగం మంది రవికలు ఆమె చేతి మీదుగా పోతాయి. చిప్పుకు నల్లసంచి కుట్టిపెట్టింది కూడా ఆమే. పాత గొడుగు గుడ్డ రెండు పొరలు వేసి, సూది మోపిన చోటు నుంచి కూడా వెలుతురు దూరకుండా కుట్టింది. సోమవారం నుంచి కూతురు అన్నం కెలికి లేస్తుంటే ఆమె చూస్తూ ఉంది. ఏం జరిగిందో ఈ మూడు రోజుల్లో కూతురి నోటి నుంచే ముక్కలు ముక్కలుగా విన్నది. మిషను తొక్కుతూ తొక్కుతూ కాలు ఆపింది.

"నాకొకటి అర్థం కావడంలా పాపా," అంది. "ప్రార్థన చేయించిన వస్తువు ఎట్టా పాడైపోయింది?"

"ఏ వస్తువు?"

"నీ డబ్బానే."

మెర్లిన్ చెప్పులు విప్పుతున్నదల్లా ఆగిపోయింది. తల్లి దారం తెంపి, తీరిగ్గా చెప్పుకొచ్చింది. ఏటా పరీక్షల ముందు వచ్చే ఆదివారం పిల్లకాయలంతా హాలుటికెట్లూ పెన్నులూ తెచ్చి చర్చిలో బల్ల మీద పెడతారు గదా. పాస్టరు బెన్హరు అయ్యగారు వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు గదా. పదో తరగతప్పుడు నీ హాలుటికెట్టూ పెట్టలేదా. ఈ సోమవారం నీకూ పరీక్షే అంటివి. నీకు హాలుటికెట్టు లేదు. పెట్టడానికి ఏముందా అని ఆలోచిస్తే ఈ డబ్బా తప్ప ఇంకేం కనపడలా. నువ్వు రిపోర్టు బైండింగని నెల్లూరు పోయినావు. చెప్తే వద్దంటావని చెప్పలా.

"డబ్బా మూత తీసినావా మా?"

"అయ్యగారు అడిగినాడు, ఏముందమ్మా ఇందులో అని. మూసిపెట్టి ప్రార్థన చేయమంటే ఏం బాగుంటది? సంచి విప్పి, పెట్టె తెరిచి, బల్ల మీద పెట్టినా. ఎండలో నెమలి మెడ మాదిరి మెరిసింది. పిల్లకాయలు మెడలు సాచి చూసినారు."

"ఎండలోనా?"

"తూర్పు కిటికీ కింద గదా బల్ల ఉండేది."

"ఎంతసేపుంది?"

"ఒక పాట పాడినాం, అన్ని చరణాలూ. దాని తర్వాత ప్రార్థన." అబిగయీలుకు కూతురి మొహం చూసి అనుమానం వచ్చింది. "ఎవరూ ముట్టుకోలా పాపా. అయ్యగారు కూడా పైన చెయ్యి పెట్టినట్టు పెట్టినాడంతే."

మెర్లిన్ వసారా గడప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు. ఆగేసరికి అది ఏడుపైంది. చిప్పు చెడలేదు. కొలతలు తప్పు కావు. ఆదివారం పూట, దేవుడి బల్ల మీద, ఎండ వచ్చి అదేం చేస్తుందని ఆమె థీసిస్‌లో రాసిందో అదే చేసి పోయింది. మూడు రోజులుగా గుండె మీద కూర్చున్న బరువు దిగిపోయింది. తల్లి నడుము చుట్టూ చేతులు వేసి, మొహం దాచుకుని, సంగతంతా చెప్పింది.

అబిగయీలు అంతా విన్నది. సూది తీసి రవిక అంచుకు గుచ్చింది.

"అంటే నేనే చెరిపినానా?"

"నువ్వు కాదు మా. ఎండ."

"ఎండకు పెట్టింది నేనే గదా," అంది తల్లి. "సారు దగ్గరికి నేనొస్తా. నా నోటితో నేను చెప్తా."

మెర్లిన్ వెంటనే సరే అనలేకపోయింది. డబ్బా ఇంటికి తెచ్చిన సంగతి బయటపడుతుందన్న భయం ఒకటి. దాన్ని మించింది ఇంకోటుంది. అమ్మ అక్కడ, ఆ మనుషుల ముందు, చర్చి సంగతి చెప్తుంటే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పెదవి బిగించి నవ్వుతారు. అది తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది. తన తల్లిని చూసి సిగ్గుపడుతున్నందుకు ఇంకా సిగ్గేసింది.

"మొదటి బస్సుకే పోదాం మా," అంది.

గురువారం పొద్దున విజయభాస్కర్ గారు ప్రయోగశాల తాళం తీస్తుండగానే తల్లీకూతుళ్లు ఎదురుపడ్డారు. అబిగయీలు వందనాలు చెప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మొత్తం చెప్పింది. దాచలేదు, ఏడవలేదు. ఆయన మధ్యలో ఒక్కసారి మెర్లిన్ వైపు తిరిగి, తలుపు మీద రాసింది చదవలేదా అని అడిగారు. చదివానని చెప్పింది. ఏసీ సంగతీ చెమ్మ సంగతీ తనతో అనకపోయావా అన్నారు. అని, ఆ ఏసీల కోసం ఆఫీసుకు తను రాస్తానని రాయని ఉత్తరం గుర్తొచ్చిందేమో, ఆ మాట అక్కడితో వదిలేశారు.

నవ్వుతారేమోనని మెర్లిన్ చూస్తూ ఉంది. ఆయన నవ్వలేదు. కిటికీ దగ్గరికి పోయి ఎండ ఎటువైపు నుంచి పడుతోందో చూశారు. జేబురుమాలు తీసి, దుమ్ము పట్టిన అద్దాన్ని తానే తుడిచారు.

"ఒక పాట అన్నారు కదమ్మా. ఏ పాట?"

"మా గుడి పాట సార్. మీకు తెలీదులే."

"తెలియకపోయినా ఫర్వాలేదు. ఆ రోజు ఎట్లా పాడారో అట్లాగే పాడాలి. ఎంతసేపు పట్టిందో మాకు కావాల్సింది అదే."

మెర్లిన్ నల్లతెర వెనక చిప్పు మీద మళ్లీ రాసింది. గుంట ఎడమకు జరిగిందని ఇద్దరూ చూసుకున్నారు. చిప్పును విప్పి, పెట్టె మూత తీసి, కిటికీ గట్టు మీద ఎండలో పెట్టారు. విజయభాస్కర్ గారు ఫోనులో గడియారం నొక్కి తల ఊపారు. అబిగయీలు కొంగు తల మీదికి లాక్కుంది. మొదటి చరణం ఆమె సన్నటి గొంతుతోనే పాడింది. అన్ని మిషన్లు, అన్ని తీగలు, కుర్చీలో పెద్దమనిషి, ఎవరికైనా బెరుకుగానే ఉంటుంది. రెండో చరణానికి కళ్లు మూసుకుంది. ఇక అది ప్రయోగశాలని మరిచిపోయినట్టుంది, గొంతు విప్పి పాడింది. పక్క గదుల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన వాళ్ల వైపు చూడలేదు. చూపుడువేలు బల్ల మీద మెల్లగా తాళం వేస్తూ ఉంది.

పాట అయ్యాక ప్రార్థన మొదలైంది. అది బెన్హరు అయ్యగారి ప్రార్థనంత పొడుగ్గా ఉండాలని ఆమె పట్టుదల. పదో తరగతి పిల్లలందరినీ తలిచింది, ఇంటర్ పిల్లల్ని తలిచింది, మెర్లిన్‌ను తలిచింది. ఇంకా సమయం మిగిలిందని తోచి, ఈ సారును ఆయన భార్యాబిడ్డలను కూడా చల్లగా చూడమంది. విజయభాస్కర్ గారు ఉలిక్కిపడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నారు.

ఆమేన్ అనగానే చిప్పును తీసి సాకెట్టులో పెట్టారు. దీపాలు ఆర్పారు. గీత ఎడమ నుంచి బయలుదేరింది. చదునుగా పోయింది. నడిమధ్యన దిగింది.

ఆయన ఆ గీతను అచ్చు తీయించి, సోమవారం నాటి కాగితం మీద పెట్టి, రెండింటినీ కలిపి కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అబిగయీలుకు గీతలు అర్థం కాలేదు గానీ కూతురి మొహం అర్థమైంది. సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి గటగటా తాగింది.

మెర్లిన్ ఆయన ఏదో ఒకటి అంటారని ఎదురుచూసింది. పొరపాటు పడ్డానని అనకపోయినా, ఆ దారిలో ఒక మాట. ఆయన కాగితాలు మడిచి, "మళ్లీ రాయమ్మా. ఈసారి మంచి చీకట్లో," అన్నారు. అబిగయీలు వైపు తిరిగి, సంచి మూతికి బొందులు వద్దు, కుట్టేయమని అడిగారు. దర్జీ మనిషి దగ్గర సూదీ దారం లేకపోవడం ఉండదు. మెర్లిన్ మళ్లీ రాసి చిప్పును సంచిలో పెట్టాక, అబిగయీలు అక్కడే నేల మీద కూర్చుని, దాని మూతిని దగ్గర దగ్గరగా, ప్రతి కుట్టుకూ ఒక ముడి వేసి కుట్టింది. ఎవరైనా విప్పి మళ్లీ కుడితే ఇట్టే పట్టేస్తానని చెప్పింది. దాన్ని ఆయన తన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం కూడా ఏసీ ఆపవద్దని ఆఫీసుకు పోయి గట్టిగానే చెప్పి వచ్చారని తర్వాత తెలిసింది.

సోమవారం సుశీల్ కుమార్ గారు మళ్లీ వచ్చారు. అబిగయీలు లోపలికి రానంది, వరండాలో బెంచీ మీద కూర్చుంది. మెర్లిన్ జరిగింది జరిగినట్టు చెప్పింది. డబ్బా ఇంటికి తీసుకుపోయిన సంగతి మొదట చెప్పింది, చర్చి సంగతి తర్వాత చెప్పింది. ఆయన విని, నవ్వీ నవ్వనట్టు నవ్వి, సంచి ఇటివ్వమన్నారు. కుట్లను లెన్సు పెట్టి చూశారు. దీపాలు ఆర్పించి, ఒక్క ఎర్రటి చిన్న బల్బు మాత్రం ఉంచి, బ్లేడుతో తానే కోశారు.

గీత బయలుదేరింది. తెర ముందు అందరూ వంగారు. ఎడమవైపు, గురువారం నాడు ఎక్కడ వదిలారో సరిగ్గా అక్కడ, గీత గుంటలోకి దిగింది.

సుశీల్ కుమార్ గారు వోల్టేజీ అంకెలు తాను చెప్పి ఇంకోసారి గీయించారు. గుంట కదలలేదు. కుర్చీలో వెనక్కి వాలారు. పోయిన వారం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని, రిపోర్టులో కూడా అట్లాగే రాస్తానని సూటిగా చెప్పారు. పెద్దమనిషి తరహాలోనే చెప్పారు.

"మరి చెరిపి కూడా చూపించండి," అన్నారు. "మీ అమ్మగారి పద్ధతిలోనే. పాటంత సేపు అన్నారు కదా, అది ఎంతో నాకెట్లా తెలుస్తుంది?"

చిప్పు కిటికీ గట్టు మీద ఎండలో ఉంది. గురువారం నాటి గడియారం లెక్క కాగితం మీద ఉండనే ఉంది, చూసి చెప్తే సరిపోయేది. కానీ మెర్లిన్‌కు అదేదీ తోచలేదు. ఆ పాట ఆమెకు చిన్నప్పటి నుంచి వచ్చిందే. పాడదామని నోరు తెరిస్తే గొంతు పూడుకుపోయి ఒక్క అక్షరం పైకి రాలేదు. వారం రోజులుగా ఆపుకున్నదంతా అక్కడికొచ్చి నిలిచింది.

బయట కోత మిషను చప్పుడు వినిపిస్తోంది.

అప్పుడు విజయభాస్కర్ గారు గొంతు సవరించుకున్నారు. ఈసారి ఆయన కిటికీ బయటికి చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, సుశీల్ కుమార్ గారి మొహంలోకి చూస్తూ, పాట ఎత్తుకున్నారు. ఒక్కసారి విన్న పాట. మొదటి చరణం మాటలు మూడో చరణంలో కలిశాయి. రాగం గట్టు తప్పి ఎటో పోయింది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు. రెండో చరణానికి వరండాలోంచి అబిగయీలు గొంతు అందుకుంది, అప్పుడు కాస్త దారికి వచ్చింది.

మెర్లిన్ చిప్పు వైపు చూడలేదు. ఎండ పని ఎండ చేసుకుపోతుందని ఆమెకు తెలుసు. సారు పాట తప్పు పాడుతున్న చోటల్లా తప్పుగానే వింటూ, కళ్లు తుడుచుకుంటూ, ఆయన వైపే చూస్తూ నిలబడింది.